నాడి

నాడి చూడమంటే మణికట్టు పట్టుకుంటారు. నాడీమండలమంటే మెదడు, వెన్నుపాము, నరాలు. ఒకటి నెత్తురు కొట్టుకునే చోటు, ఇంకొకటి నొప్పి కబురు మోసే తీగ. రెండింటికీ ఒకే పేరేమిటని బడిలో అడిగితే మా మాస్టారు "రాసుకోరా" అన్నారు.

మాట మూలానికి వెళ్తే తగువు లేదు. సంస్కృతంలో నడం అంటే రెల్లు. బోలుగా ఉండే కాడ నాడి. డకారం ళకారమైతే నాళం. గొట్టంలా లోపలికి దిగిన పుండు నాడీవ్రణం. లోపల పారేది నెత్తురా, ఊపిరా, కబురా అని ఆ మాట అడగలేదు. బోలుగా ఉంటే చాలు. (‘ఆనాడు’లోని నాడు ఈ ఇంటిది కాదు, అచ్చ తెలుగు.) నీటి గడియారంలో నీరు కారే సమయానికీ నాడిక, నాళిక అనే పేర్లున్నాయి. అంటే ఒక గడియ, 24 నిమిషాలు.

నెత్తురు, నరం, గడియ అనే ఈ మూడర్థాలూ ఒక్కచోట కలిసేది గుండె నుంచి బయలుదేరే బృహద్ధమని వంపు ఆపరేషన్‌లో. మెదడుకు నెత్తురు పంపే కొమ్మలు ఆ వంపు మీదే మొలుస్తాయి. అక్కడ ఉబ్బిన గోడను కోసి కొత్త గొట్టం అతకాలంటే ప్రవాహాన్నే ఆపాలి. 1975లో రాండల్ గ్రీప్ బృందం ఒంటిని బాగా చల్లార్చి, రక్తప్రసరణ నిలిపి ఆ పని చేసిన తీరును ప్రకటించింది. ఒంటి బరువులో మెదడు వాటా నూటికి రెండే. తినే ఆక్సిజన్ నూటికి ఇరవై. 18, 20 డిగ్రీల చలిలో దాని ఆకలి తగ్గుతుంది గాని పోదు. అరగంట దగ్గరపడుతుంటే అందరి చూపూ గోడ గడియారం మీదికే. అది పాత నాడికకు దగ్గర్లో ఉండటం కాకతాళీయం. మన పెద్దలకు ముందే తెలుసని నేననను.

అసలు చిక్కేమిటంటే, అప్పుడు చూడటానికి నాడి ఉండదు. ప్రసరణ నిలిపే ముందూ తర్వాతా గుండె పని చేసే హార్ట్ లంగ్ మిషన్ నెత్తురును ధారగా నెడుతుంది, కొట్టుకోవడం ఉండదు. కరోనాలో ఇంటింటికీ వచ్చిన వేలి ఆక్సీమీటరుకు ఆ కొట్టుకోవడమే ఆధారం, అది మూగబోతుంది. అందుకే మత్తు డాక్టరు నుదుటికి రెండువైపులా పట్టీలు అంటిస్తాడు. వాటి పరారుణ కాంతి ఎముక దాటి వెళ్లి తిరిగొస్తుంది. ఇలా మెదడులోని ఆక్సిజన్ చూడొచ్చని 1977లో ఫ్రాన్స్ యోబ్సిస్ చూపాడు. ఆ కాంతికి తగిలేది ఎక్కువగా సిరల నెత్తురే. నాడి వచ్చేదాన్ని చెబితే, ఇది మెదడు తినగా మిగిలిన ఎంగిలి లెక్క చెబుతుంది.

మామూలుగా ఆ అంకె నూటికి 60, 75 మధ్య ఉంటుంది. ఆపరేషన్ మొదట్లో చూసిన అంకెలో అయిదో వంతు పడిపోతే కదలాలి. ఇప్పుడు చాలాచోట్ల కుడి చంక దగ్గరి ధమని గుండా మెదడుకు కొంత చల్లని నెత్తురు పంపుతూనే ఉంటారు. కుడి అంకె నిలిచి ఎడమది జారితే, మెదడు అడుగున రెండువైపులనూ కలిపే దారి కొందరిలో పూర్తిగా ఉండదని గుర్తుచేసుకుని, ఎడమ మెడ ధమనిలో ఇంకో గొట్టం పెడతారు. పట్టీకి కనిపించేది నుదుటి వెనక కొంత మేరే. ఈ అంకెల వల్ల పక్షవాతాలు నిజంగా తగ్గుతాయా అన్న వాదన ఇంకా తేలలేదు.

అతుకు పూర్తయి మిషన్ మళ్లీ పూర్తిగా నడిచినప్పుడు తెర మీద అంకె మెల్లగా పైకెక్కుతుంది. మణికట్టు పట్టుకుంటే ఇంకా ఏమీ అందదు.