నిలువనీడ లేనివారు, ప్రజాభిప్రాయం: బ్రిటన్ చరిత్ర చెప్పే పాఠం

రోడ్డు పక్కన గోనెపట్టా పరచుకొని పడుకొన్న మనిషిని చూచినప్పుడు మధ్యతరగతి మనస్సులో రెండు భావాలు కలుగుతాయి. ఒకటి జాలి, రెండవది అనుమానం. "పాపం" అన్న నోటితోనే "ఒళ్ళు వంచి పనిచేస్తే ఈ గతి ఎందుకు పట్టేది?" అని కూడా అంటారు. ఈ రెండు భావాలూ మానవ స్వభావంలో అనాదిగా ఉన్నవేననీ, ప్రభుత్వాల చట్టాలూ, గృహనిర్మాణ పథకాలూ ఈ ప్రజాభిప్రాయాన్ని అనుసరించే నడుస్తాయనీ చాలామంది అనుకొంటారు. చరిత్ర చూస్తే విషయం చాలా వరకు తలకిందులుగా కనబడుతుంది. ఇల్లులేని వాణ్ణి గూర్చి ఏమనుకోవాలో జనానికి ముందుగా నేర్పినవి ఆస్తి సంబంధాలు, వాటిని కాపాడే చట్టాలు. ఆ పాఠాన్ని జనం తోసిపుచ్చిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. ఇళ్ళు పెద్దయెత్తున లేచింది ఆ సందర్భాల తర్వాతనే.

ఇందుకు బ్రిటన్ చరిత్ర మంచి నిదర్శనం. పెట్టుబడిదారీ వ్యవస్థ మొట్టమొదట పెరిగిన దేశం అది. ఇల్లులేని వాణ్ణి నేరస్థుణ్ణి చేసిందీ, తర్వాత కార్మికులకు లక్షల ఇళ్ళు కట్టించిందీ, ఆ ఇళ్ళను తిరిగి అమ్మివేసిందీ కూడా ఆ దేశమే.

1

గ్రామాలలోని ఉమ్మడి భూములకు కంచెలు వేసి, వాటిని గొర్రెల బీళ్ళుగా మార్చిన కాలంలో ఇంగ్లండు రైతులు వేలకువేలుగా దారినపడ్డారు. వాళ్ళను దారిలోకి నెట్టినవారే దారిన తిరగడం నేరమన్నారు. 1547లో చేసిన శాసనం ప్రకారం పని లేకుండా తిరిగేవాని రొమ్ముపై కాల్చిన ఇనుముతో "వి" అనే అక్షరం ముద్రవేసి, రెండేళ్ళపాటు బానిసగా అప్పగించవచ్చు. అమలు చేయలేక రెండు మూడేళ్ళలోనే దాన్ని ఎత్తివేశారు. కాని దాని వెనుకనున్న ఆలోచన మిగిలింది. భూమి పోగొట్టుకొన్నవాడు బాధితుడు కాదు, సోమరి అన్నదే ఆ ఆలోచన.

నెపోలియనుతో యుద్ధాలు 1815లో ముగిశాయి. సైన్యం నుంచి విడుదలైన సిపాయిలు పనిలేక పట్టణాల వీధులలో చేరారు. వారికి పార్లమెంటు ఇచ్చిన సమాధానం 1824 నాటి దిమ్మరుల చట్టం. ఆరుబయట గాని, పశువుల కొట్టంలో గాని, పాడుబడిన ఇంట్లో గాని నిద్రించి, తన్ను గూర్చి తృప్తికరమైన సంజాయిషీ చెప్పుకోలేనివానికి మూడు నెలల వరకు కఠినశిక్ష వేయవచ్చు. అంటే వాడు చేసిన పనికి కాదు, నిద్రకు శిక్ష. 1834లో పేదల చట్టాన్ని సవరించి, సాయం కావలసినవాడు వర్క్‌హౌస్ అనే నిర్బంధ పనిశాలలో చేరాలన్నారు. అక్కడి బ్రతుకు బయటి అతి నిరుపేద కూలివాని బ్రతుకుకంటే హీనంగా ఉండాలన్నది ఆ చట్టం సూత్రం. భర్తను ఒక వార్డులో, భార్యను ఒక వార్డులో, పిల్లలను వేరొక వార్డులో ఉంచారు. ఒక్క రాత్రి తలదాచుకోవడానికి వచ్చిన బాటసారి చేత మర్నాడు రాళ్ళు కొట్టించారు, పాత ఓడతాళ్ళను పీచుగా విప్పించారు.

మూడు తరాలు ఈ గోడల నీడలో పెరిగాయి. ఇల్లు లేకపోవడమంటే సిగ్గుపడవలసిన విషయమని కూలివాడు కూడా నమ్మాడు. వర్క్‌హౌసుకు పోవడంకంటే చావు మేలనుకొన్నాడు. పాలకవర్గానికి కావలసింది కూడా అదే. ఆ భయం ఉన్నంత కాలం ఎంత తక్కువ కూలికైనా మనిషి దొరుకుతాడు.

2

అయితే జాలి లేకపోలేదు. 1866లో జేమ్స్ గ్రీన్‌వుడ్ అనే పత్రికారచయిత మారువేషం వేసుకొని లండనులోని లాంబెత్ పనిశాలలో ఒక రాత్రి గడిపి, చూచింది చూచినట్లు ఒక దినపత్రికలో వ్రాశాడు. దేశమంతా ఉలిక్కిపడింది. 1883లో లండను మురికివాడలను గూర్చి వెలువడిన ఒక చిన్న కరపత్రం ఇంకా పెద్ద కలకలం రేపింది. మరుసటి ఏడాది రాజకమిషను కూర్చున్నది. 1890లో చట్టం వచ్చింది. లండను కౌంటీ కౌన్సిలు బెత్నల్ గ్రీన్‌లోని ఓల్డ్ నికల్ అనే మురికివాడను పడగొట్టి, ఆ స్థలంలో చక్కని ఇటుక భవనాలు కట్టించింది. 1900లో యువరాజు వచ్చి ప్రారంభోత్సవం చేశాడు.

ఆ వాడ నుంచి తొలగించినవారు 5,700 మందికి పైగా ఉన్నారు. కొత్త భవనాలలో చేరగలిగిన పాత నివాసులు కేవలం 11 మంది. అద్దె భరించగలిగిన నేర్పరి పనివారూ, గుమాస్తాలూ ఆ ఇళ్ళలోకి వచ్చారు. తక్కినవారు పక్క వాడలకు పోయి అక్కడి ఇరుకును మరింత ఇరుకు చేశారు. మురికివాడ సమస్యను బూర్జువావర్గం పరిష్కరించదనీ, ఒకచోటి నుంచి మరొకచోటికి తరలిస్తుందనీ ఎంగెల్సు 1872లోనే గృహవసతి సమస్యపై వ్రాసిన వ్యాసాలలో వివరించాడు. బెత్నల్ గ్రీన్ భవనాలు ఆ మాటకు ఇటుకలతో వ్రాసిన వ్యాఖ్యానం.

కరపత్రం చదివి కంట తడిపెట్టినవారి సానుభూతి అబద్ధం కాదు. కాని ఆ సానుభూతి చేతిలో ఒక జల్లెడ ఉన్నది. "యోగ్యుడైన పేద" నిలిచి, "అయోగ్యుడైన పేద" జారిపోయేటట్లు చేసిన జల్లెడ అది.

3

ఈ జల్లెడను మొదటిసారి పెద్దయెత్తున పక్కకు నెట్టినవారు గ్లాస్గో నగరపు గృహిణులు. మొదటి ప్రపంచయుద్ధంలో ఆ నగరానికి ఆయుధ కర్మాగారాలలో, ఓడల రేవులలో పనికి వేలమంది వచ్చారు. ఇళ్ళు చాలలేదు. యజమానులు అద్దెలు పెంచారు. 1915లో గోవన్ ప్రాంతంలో మేరీ బార్బర్ నాయకత్వాన స్త్రీలు పెంచిన అద్దె కట్టబోమన్నారు. ఇల్లు ఖాళీ చేయించడానికి కోర్టు అమీనా వస్తే మెట్లమీద కాపలా ఉన్న స్త్రీ గంట వాయించేది. చుట్టుపక్కల ఆడవాళ్ళంతా పిండి పొట్లాలతో, తడిబట్టలతో ఉరికి వచ్చేవారు. సమ్మె చేసిన కుటుంబాలు ఇరవై వేలు దాటాయి. నవంబరు 17న అద్దె బకాయి కేసులలో కొందరు కార్మికులను కోర్టుకు పిలిపించినప్పుడు వేలాది జనం కోర్టు ముందు చేరారు. ఓడల రేవులలో పని నిలిచిపోయే ప్రమాదం కనబడింది. కేసులు ఎత్తివేశారు. ఆ ఏడు ముగిసేలోగా, యుద్ధారంభంలో ఉన్న అద్దెకు మించి వసూలు చేయరాదని పార్లమెంటు చట్టం చేసింది.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటున్నది. ఆ స్త్రీలు ఇళ్ళు లేనివారు కారు, ఇళ్ళున్నవారే. కాని వీధిన పడ్డ కుటుంబానికీ తమకూ నడుమ ఉన్నది ఒక అమీనా మాత్రమేనని వారు గ్రహించారు. ఆ కుటుంబం యోగ్యమైనదా, అయోగ్యమైనదా అని ఎవరూ అడగలేదు. జాలికీ ఐకమత్యానికీ ఉన్న తేడా ఇదే.

యుద్ధం ముగిసింది. రష్యాలో విప్లవం జయించి ఉన్నది. తిరిగివచ్చే సిపాయిలకు తగిన ఇళ్ళు కట్టిస్తామని ప్రభుత్వం ప్రకటించి, 1919లో అడిసన్ చట్టం ద్వారా మూడేళ్ళలో 5 లక్షల ఇళ్ళు లక్ష్యంగా పెట్టుకొన్నది. 1921లో భయం తగ్గగానే ఖర్చు కోసివేసింది. కట్టినవి సుమారు 2 లక్షల 13 వేలు. గ్లాస్గో ఉద్యమంలో నుంచి వచ్చిన జాన్ వీట్లీ 1924లో తొలి లేబరు ప్రభుత్వంలో మంత్రియై చేసిన చట్టం కింద మరొక 5 లక్షల ఇళ్ళు లేచాయి.

రెండవ యుద్ధానంతరం ఇదే మరొక రూపంలో జరిగింది. 1946 వేసవిలో ఇళ్ళులేని మాజీ సిపాయిల కుటుంబాలు ఖాళీ సైనిక శిబిరాలలో ప్రవేశించాయి. కొద్ది నెలలలో అలా చేరిన మనుషుల సంఖ్య నలభై వేలు దాటింది. సెప్టెంబరులో కమ్యూనిస్టుల నాయకత్వాన లండను కెన్సింగ్టనులోని ఖాళీగా ఉన్న విలాస భవనాలను ఆక్రమించారు. పోలీసులు ముట్టడిస్తే ఇరుగుపొరుగు వారు దుప్పట్లూ, రొట్టెలూ తెచ్చి అందించారు. చట్టం దృష్టిలో వీరు ఆస్తిపై దౌర్జన్యం చేసినవారు. ప్రజల దృష్టిలో తమవంటి వారు. 1824లోనూ సిపాయిలే, 1946లోనూ సిపాయిలే. మారింది వీధిలోని మనిషి కాదు. సంఘాలలో చేరి, వోటు సంపాదించి, ఒక ప్రభుత్వాన్ని పడగొట్టి మరొకదాన్ని నిలబెట్టిన శ్రామికవర్గం మారింది.

4

1948లో పాత పేదల చట్టం రద్దయింది. కాని వర్క్‌హౌసుల గోడలు చాలాచోట్ల నిలిచే ఉన్నాయి. ఇల్లు పోయిన కుటుంబాలను ఆ భవనాలలోనే ఉంచారు. అనేక వసతిగృహాలలో భర్తలకు ప్రవేశం లేదు. ఈ స్థితిని 1966 నవంబరు 16న బి.బి.సి. ప్రసారం చేసిన "కాథీ కమ్ హోమ్" అనే చిత్రం ప్రజల కళ్ళముందు పెట్టింది. జెరెమీ శాండ్‌ఫర్డ్ వ్రాయగా కెన్ లోచ్ దర్శకత్వం వహించిన ఆ చిత్రాన్ని కోటి 20 లక్షలమంది చూచారు. దేశం చలించింది. పదకొండేళ్ళ తర్వాత, 1977లో, ఇల్లులేని కుటుంబానికి వసతి చూపడం స్థానిక సంస్థల విధి అని చట్టం వచ్చింది.

ఇది గొప్ప విజయం, సందేహం లేదు. అయితే కళ ద్వారా కలిగిన సానుభూతికి ఒక పరిమితి ఉన్నది. కాథీ పసిపిల్లల తల్లి. ఆమెను చూచి ఏడ్చినవారు, పార్కు బెంచీమీద పడుకొన్న ఒంటరి మగవాణ్ణి చూచి ఏడవలేదు. బిల్లును వ్యతిరేకించినవారు ఇది పరాన్నభుక్కులకు హక్కుపత్రమన్నారు. వారిని శాంతింపజేయడానికి చట్టంలో రెండు మాటలు చేరాయి: "ప్రాధాన్యం గల అవసరం", "బుద్ధిపూర్వకంగా ఇల్లు పోగొట్టుకొనడం". పిల్లలు లేని, ఆరోగ్యవంతుడైన మనిషికి ప్రాధాన్యం లేదు. అద్దె కట్టనివాడు బుద్ధిపూర్వకంగా ఇల్లు పోగొట్టుకొన్నవాడు కావచ్చు. 1834 నాటి జల్లెడ కొత్త పట్టాతో తిరిగివచ్చింది.

5

1979 నాటికి బ్రిటనులో దాదాపు మూడోవంతు కుటుంబాలు కౌన్సిలు ఇళ్ళలో ఉన్నాయి. 1980లో థాచర్ ప్రభుత్వం ఆ ఇళ్ళను అందులోని వారికే రాయితీ ధరకు అమ్మే చట్టం చేసింది. పదేళ్ళలో పది లక్షలకు పైగా ఇళ్ళు అమ్ముడైపోయాయి. వచ్చిన డబ్బుతో తిరిగి ఇళ్ళు కట్టనీయకుండా స్థానిక సంస్థలకు కట్టడి విధించారు.

ఇది ప్రజలపై బలవంతంగా రుద్దిన పథకమని మనం అనుకొంటే ఆత్మవంచన అవుతుంది. కార్మికులు సంతోషంగానే కొన్నారు. ఎందుకు కొనరు? తన ఇంటి తలుపుకు రంగు మార్చాలన్నా అధికారి అనుమతి అడగవలసినవానికి సొంత ఇల్లు స్వేచ్ఛగా కనబడడం సహజం. ఆ ఇళ్ళ నిర్వహణలో నివాసులకు అధికారం ఇవ్వకపోవడం కట్టించినవారి తప్పు. కాని ఫలితం ఏమిటి? గ్లాస్గో మెట్లమీద గంట వాయించిన స్త్రీల మనుమలు ఆస్తిపరులయ్యారు. వీధినపడ్డవానికీ తమకూ నడుమ ఇక అమీనా ఒక్కడే కాదు, ఒక దస్తావేజు కూడా ఉన్నది. 1980 దశకంలోనే లండను వాటర్లూ స్టేషను దగ్గర అట్టపెట్టెల ఊరు వెలసింది. సోమరి అన్న పాత మాట మళ్ళీ వినబడింది.

2020 మార్చిలో కొవిడ్ వచ్చినప్పుడు ఇంకొక సంగతి తేలింది. వీధులలో ఉన్నవారందరినీ లోపలికి తీసుకోండని ప్రభుత్వం ఇంగ్లండులోని స్థానిక సంస్థలను ఆదేశించింది. కొద్ది వారాలలో సుమారు 15 వేలమందికి హోటళ్ళలో, ఇతర వసతులలో గది దొరికింది. యోగ్యుడా, అయోగ్యుడా అని ఆ రోజులలో అడగలేదు. అంటువ్యాధి ఆ తేడా పాటించదు గదా! అసాధ్యమని చెప్పుకొంటూ వచ్చినది కొద్ది వారాలలో సాధ్యమైంది. ప్రమాదం తగ్గగానే మళ్ళీ అసాధ్యమైంది. దిమ్మరుల చట్టాన్ని రద్దు చేస్తూ 2022లో పార్లమెంటు తీర్మానించినా ఆ రద్దు వెంటనే అమలుకాలేదు. 2026 వసంతకాలానికి అమలు చేస్తామని 2025 జూన్‌లో ప్రభుత్వం ప్రకటించింది.

6

ఈ చరిత్ర మనకు పరాయిది కాదు. తిరిగేవాడు నేరస్థుడన్న సూత్రాన్ని ఇంగ్లీషువారు ఇక్కడికి 1871లో నేరస్థ జాతుల చట్టంగా తెచ్చారు. ఎడ్లపై ఉప్పూ, ధాన్యమూ వేసుకొని ఊరూరా వర్తకం చేసిన ఎరుకలవారి జీవనం ఉప్పు పన్నులతో, రైళ్ళతో దెబ్బతిన్నది. 1911 చట్టం తర్వాత వారిలో అనేక కుటుంబాలను బాపట్ల దగ్గర స్టువర్టుపురం సెటిల్‌మెంటులో బంధించి, మతసంస్థ అయిన సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. చీరాల పొగాకు పరిశ్రమకు చవక కూలీలు దొరికారు. చట్టం రద్దయి డెబ్బై ఏళ్ళు దాటినా, ఆ ఊరి పేరును దొంగకు పర్యాయపదంగా వాడుతూ మన సినిమాలు నిన్న మొన్నటి వరకూ వచ్చాయి. చట్టం చచ్చినా అది నేర్పిన అభిప్రాయం చావలేదు.

2011 జనాభా లెక్కలలో పేవ్‌మెంట్లపై, ఫ్లైవోవర్ల కింద, గుడి మండపాలలో లెక్కకు వచ్చినవారు దేశంలో 17 లక్షల 70 వేలు. మన రెండు రాష్ట్రాలలో 1980 దశకం నుంచి ప్రతి ప్రభుత్వమూ తన పేరు పెట్టుకొని పేదల ఇళ్ళ పథకాలు నడుపుతున్నది. ప్రజలు వాటిని సమర్థించారు, సమర్థించడం న్యాయమే. 2007లో ఖమ్మం జిల్లా ముదిగొండలో ఇళ్ళ స్థలాలూ, భూములూ కోరి పోలీసు తూటాలకు బలైనవారి త్యాగం కూడా ఈ పథకాల వెనుక ఉన్నది. కాని పథకం అనగానే జాబితా, జాబితా అనగానే అర్హత, అర్హత అనగానే కార్డు, కార్డుకు చిరునామా కావాలి. చిరునామా లేనివాడే గదా ఇల్లులేనివాడు! అందరికంటే ముందుండవలసినవాడు జాబితాలో ఎక్కనే ఎక్కడు. అతడు రైలు ప్లాట్‌ఫారంమీద పడుకొంటే పోలీసు లేపుతాడు.

మన విద్యార్థులు, ఉపాధ్యాయులు జాబితాలోని అక్రమాలను విమర్శించడంతో తృప్తిపడుతున్నారు. అనర్హులకు ఇచ్చారని మనం వ్రాసే ప్రతి అర్జీలోనూ "యోగ్యుడైన పేద" అన్న మాటను మనకు తెలియకుండానే ఒప్పుకొంటున్నాము. అద్దెకుండే ఉపాధ్యాయుడు ఫ్లైవోవరు కింది కూలివానిలో తన్ను తాను చూచుకోగలిగిన నాడు ప్రజాభిప్రాయం దానంతట అదే మారుతుంది. అంతవరకు మన జాలి చేతిలో కూడా ఆ జల్లెడ ఉంటుంది. ముందు దాన్ని కిందపెట్టాలి.