పరభాషా బోధనా పరిశోధన – వ్యావహారిక భాషావాదం: ఒక చారిత్రక పరిశీలన

ఆంగ్లాన్ని ద్వితీయ భాషగా బోధించే పద్ధతుల చరిత్రను సాధారణంగా ఆంగ్ల శాఖలు అధ్యయనం చేస్తాయి. వ్యావహారిక భాషోద్యమ చరిత్ర తెలుగు శాఖల పరిధిలో ఉంటుంది. ఇరవయ్యవ శతాబ్ది తొలి దశకంలో ఈ రెండు చరిత్రలూ ఉత్తర సర్కారులలో ఒకచోట కలిశాయి. ఆ కలయిక స్వభావాన్ని నిర్ణయించడం ఈ వ్యాసం లక్ష్యం. వాడుక భాషావాదం ఒక ఆంగ్లేయ అధికారి ప్రోద్బలంతో పుట్టిందన్న అభిప్రాయం ఎంతవరకు నిలుస్తుందనేది ఇందులోని ప్రధాన ప్రశ్న.

పందొమ్మిదవ శతాబ్ది చివరి వరకు యూరప్‌లో పరభాషా బోధన వ్యాకరణ సూత్రాల మీద, అనువాదం మీద ఆధారపడి సాగింది. లాటిన్, గ్రీకు భాషలను నేర్పిన పద్ధతినే సజీవ భాషలకూ వర్తింపజేశారు. దీనిని ఖండిస్తూ 1882లో జర్మన్ పండితుడు విల్‌హెల్మ్ వియెటర్ ఒక కరపత్రం ప్రచురించాడు. 1886లో పాల్ పాసీ నాయకత్వంలో పారిస్‌లో ఏర్పడిన ఉపాధ్యాయ సంఘం కాలక్రమంలో అంతర్జాతీయ ధ్వనిశాస్త్ర సమాఖ్యగా పరిణమించింది. హెన్రీ స్వీట్ 1899లో భాషల ఆచరణాత్మక అధ్యయనంపై గ్రంథం వెలువరించాడు. భాషకు మూలం ఉచ్చారణ, లిపి దాని తరువాతిది అన్నది ఈ సంస్కర్తల సిద్ధాంత సారం. ధ్వనిలిపి వారికి ముఖ్యమైన సాధనమైంది. ఎడిసన్ 1877లో ఫోనోగ్రాఫును కనిపెట్టినా, తరగతి గదిలోని ఉపాధ్యాయునికి చవకగా, సులభంగా అందిన ఉపకరణం ధ్వనిలిపియే. ఆ అర్థంలో భాషాబోధనకు అందిన తొలి ఆధునిక సాంకేతికతగా దానిని పరిగణించవచ్చు.

ఈ భావధారకు సన్నిహితమైనదే ప్రత్యక్ష పద్ధతి. వస్తువును చూపి, క్రియను చేసి చూపి, అనువాదంతో పనిలేకుండా మాట నేర్పడం, విన్నదీ పలికినదీ తరువాత రాయించడం, ఉదాహరణల నుంచి వ్యాకరణాన్ని రాబట్టడం దీని క్రమం. 1907 ప్రాంతంలో ఉత్తర సర్కారుల పాఠశాలల పరీక్షాధికారిగా వచ్చిన జె.ఎ. యేట్స్ ఈ పద్ధతిని ప్రోత్సహించాడు. తాను నేర్చుకొన్న పుస్తకాల తెలుగుకు, జనం మాట్లాడే తెలుగుకు ఇంత అంతరం ఎందుకున్నదని ఆయన ప్రశ్నించాడు. విశాఖపట్నంలో కళాశాల ప్రధానాధ్యాపకుడు పి.టి. శ్రీనివాస అయ్యంగారు, విజయనగరంలో గురజాడ అప్పారావు, పర్లాకిమిడిలో గిడుగు వేంకట రామమూర్తి ఆ ప్రశ్నకు స్పందించారు.

ప్రత్యక్ష పద్ధతి తెలుగు తరగతిలో ప్రవేశించినప్పుడు ఒక వైరుధ్యం బయటపడింది. ఆంగ్లంలో విద్యార్థి తాను పలికిన వాక్యాన్ని దాదాపు అదే రూపంలో రాయగలడు. తెలుగు విద్యార్థి మాత్రం ‘వచ్చాడు’ అని పలికి ‘వచ్చెను’ అని రాయాలి. తన మాటను తానే అనువదించుకోవాలి. అంటే మాతృభాషా బోధన పరభాషా బోధనలాగా సాగుతున్నదని తేలింది. ఈ విషయం స్పష్టం కావడానికి ఆంగ్ల బోధనతో పోలిక తోడ్పడింది. యేట్స్ ప్రశ్నకున్న చారిత్రక ప్రాధాన్యం ఇదే.

అయితే ప్రశ్న వేసినంత మాత్రాన దానిని ఉద్యమానికి మూలంగా భావించలేము. యేట్స్ రాకకు పూర్వమే గురజాడ ‘కన్యాశుల్కం’ 1892లో ప్రదర్శితమై 1897లో అచ్చయింది. ఆ ప్రథమ ముద్రణకు రాసిన ఆంగ్ల పీఠికలోనే ఆయన వాడుక భాషను సమర్థించాడు. గిడుగు విషయంలో ఆధారం మరింత బలమైనది. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉన్న ఆయన సవరలతో మాట్లాడి వారి భాష నేర్చుకొన్నాడు. అప్పటికి దానికి గ్రంథాలు లేవు, వ్యాకరణం లేదు. చెవిని నమ్ముకొని, వినిపించిన ధ్వనులను తెలుగు లిపిలో గుర్తించి, సవర పిల్లలకు వాచకాలు రాశాడు. లిపి లేని భాషను బోధించేవానికి మాటే ప్రమాణమన్నది అనుభవం నేర్పిన సత్యం. స్వీట్ వంటివారి గ్రంథాలు ఆ అనుభవానికి శాస్త్ర పరిభాషను సమకూర్చాయి. 1931లో వెలువడిన ఆయన సవర భాషా గ్రంథంలోనూ, 1938 నాటి సవర-ఆంగ్ల నిఘంటువులోనూ ఆ శాస్త్ర శిక్షణ ఫలితం కనిపిస్తుంది.

సంప్రదాయవాదుల ఆక్షేపణను తేలికగా తీసివేయడం కూడా తగదు. 1911లో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు పక్షాన జయంతి రామయ్య పంతులు ప్రభృతులు నిలిచారు. వాడుక భాష ప్రాంతానికొక తీరున ఉంటుంది, అందులో దేనిని బోధించాలన్నది వారి ప్రశ్న. శిష్టుల వ్యవహారాన్ని ప్రమాణంగా తీసుకోవాలని గిడుగు సమాధానమిచ్చాడు. 1913లో ఆయన ఆధునిక తెలుగుపై వినతిపత్రాన్ని, 1914లో గురజాడ తన అసమ్మతి పత్రాన్ని వెలువరించారు. విశ్వవిద్యాలయ సంఘం మొగ్గు మాత్రం గ్రాంథికం వైపే నిలిచింది. శిష్ట వ్యవహారం తరువాతి కాలంలో గెలిచినా, అది ఎవరి వ్యవహారమన్న ప్రశ్న మిగిలే ఉంది. కోస్తా జిల్లాల విద్యావంతుల నుడికారం ప్రమాణమైనప్పుడు తెలంగాణ, రాయలసీమ విద్యార్థులకు పాఠ్యభాష మళ్ళీ కొంత పరాయిదైంది.

1958లో హైదరాబాదులో కేంద్ర ఆంగ్ల సంస్థ ఏర్పడింది. 1972లో విదేశీ భాషలనూ చేర్చుకొని, 2007లో కేంద్ర విశ్వవిద్యాలయమైన ఆ సంస్థ ఆంగ్ల ఉపాధ్యాయ శిక్షణకు, ధ్వనిశాస్త్ర అధ్యయనానికి స్థానం కల్పించింది. ధ్వనిముద్రణ, భాషా ప్రయోగశాల, కంప్యూటరు ఒకదాని తరువాత ఒకటి బోధనలోకి వచ్చాయి. విద్యార్థి మాదిరి ఉచ్చారణను ఎన్నిసార్లైనా వినగలుగుతున్నాడు. కానీ ఆ మాదిరి ఎవరి ఉచ్చారణగా ఉండాలో యంత్రం నిర్ణయించదు, దానిని మనుషులే నిర్ణయించాలి. ఇది పరిషత్తు నాడు వేసిన ప్రశ్నకు మరో రూపమే.

ఈ పరిశీలన వల్ల రెండు అంశాలు తేలుతున్నాయి. వ్యావహారిక భాషావాదానికి ఆంగ్ల బోధనా పరిశోధన వాదనా సామగ్రిని ఇచ్చింది, కాని దాని మూలం ఇక్కడి రంగస్థలంలోనూ సవర గూడెంలోనూ ఉంది. రెండవది, బోధనాపద్ధతి ఎంత నవీనమైనా ప్రమాణ భాష ఏదన్న సామాజిక ప్రశ్నను అది తీర్చలేదు. కాబట్టి ఉభయ తెలుగు రాష్ట్రాలలో ఆంగ్ల బోధన చరిత్రను, తెలుగు బోధన చరిత్రను కలిపి అధ్యయనం చేయవలసిన అవసరం ఉంది.