గోదావరి ఫ్రిగేటు: పాత యంత్రము, పెద్ద ఓడ

యుద్ధనౌక కావలెనని తలచిన నాటికిని, అది నీటిమీద నిలిచిన నాటికిని నడుమ పది సంవత్సరములు గడచుట అరుదు కాదు. ఈలోగా అవసరములు మారును. తొలుత ఎన్నుకొన్న యంత్రమును మార్చుట మాత్రము మిక్కిలి కష్టము. మన నౌకాదళమునకు 'గోదావరి' విషయములో ఎదురైన చిక్కు ఇదియే.

ఫ్రిగేటు అనగా ఇతర నౌకలకు కావలి కాయుచు, జలాంతర్గాములను వెదకి పట్టు మధ్యరకపు యుద్ధనౌక. 1958-60 సంవత్సరములలో అటువంటివి ఎనిమిది బ్రిటనునుండి వచ్చి మన దళములో చేరినవి. తరువాత, మనమే కట్టుకొందమని బ్రిటను వారి 'లియాండరు' నమూనాను తీసికొని బొంబాయిలోని మజగాన్ డాకులో 1966లో పని ప్రారంభించితిమి. మొదటి ఓడ 'నీలగిరి' 1972లో దళమున చేరినది. ఆరవది 'వింధ్యగిరి' 1981లో చేరినది.

ఆ నడుమ, 1971 డిసెంబరు 9 రాత్రి, 'ఖుక్రీ' ఫ్రిగేటును పాకిస్తాను జలాంతర్గామి 'హంగోరు' ముంచివేసినది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు మరణించిరి. నీటిలో వెదకులాట అంతయు ధ్వనితోనే. ఫ్రిగేటు తన చక్రముల చప్పుడుతో తన జాడను తానే చాటుకొనును. హెలికాప్టరైనచో దూరముగా ఎగిరిపోయి, తీగకు కట్టిన సోనారును నీటిలోనికి దించి వినగలదు. దానిని తరుముట జలాంతర్గామికి సాధ్యము కాదు. అందుచేత క్రొత్త ఓడమీద రెండు పెద్ద 'సీకింగ్' హెలికాప్టర్లు ఉండవలెనని కోరిరి. క్షిపణులు కూడ కావలెననిరి.

ఓడ బరువు సుమారు 3,000 టన్నులనుండి 3,800 టన్నులకు పెరిగినది. క్రొత్త యంత్రము కొన్నచో వ్యయమును, జాప్యమును తప్పవు. పైగా పనివారు మరల నేర్చుకొనవలెను. మన రూపశిల్పులు లియాండరులోని 30,000 అశ్వశక్తి గల ఆవిరి యంత్రములనే ఉంచి, ఓడను 113 మీటర్లనుండి 126 మీటర్లకు సాగదీసిరి. బరువు పెరిగినది గనుక వేగము బాగా తగ్గునని ఎవరైనను అనుకొందురు. తగ్గినది సుమారు ఒక నాటు మాత్రమే!

కారణమును విద్యార్థులు స్వయముగా లెక్కింపవచ్చును. నడచుచున్న ఓడ ముక్కువద్ద అల లేచును. ఒక శిఖరమునుండి మరియొక శిఖరమునకు గల దూరము, ఓడ వేగము యొక్క వర్గమును బట్టి పెరుగును. వేగమును సెకనుకు మీటర్లలో తీసికొని, దాని వర్గమును 0.64తో గుణించినచో ఆ దూరము మీటర్లలో వచ్చును. గోదావరి వేగము 27 నాట్లు, అనగా సెకనుకు 13.9 మీటర్లు. అల పొడవు సుమారు 124 మీటర్లు. 113 మీటర్ల ఓడకు ఇది మించినది: రెండవ శిఖరము ఓడను దాటిపోవును, వెనుకభాగము పల్లములో దిగును, ఓడ తన అలనే తాను ఎక్కవలసివచ్చును. 126 మీటర్ల ఓడకో, రెండవ శిఖరము వెనుకభాగమునకు దాపుననే వచ్చి దానిని ఎత్తిపట్టును. (నీటి ఒరపిడి వేరుగా ఉండనే ఉన్నది, పొడవు పెరిగినకొలది అదియు కొంత పెరుగును.)

ఇట్టి లెక్కలను చిన్న నమూనాలతో సరిచూతురు. విశాఖపట్నములోని నౌకాదళ ప్రయోగశాలలో ఇందుకై 500 మీటర్ల పొడవుగల నీటితొట్టి కలదు.

1978లో మొదలైన గోదావరి 1983 డిసెంబరు 10న దళమున చేరినది. 'గంగ', 'గోమతి' దానిని అనుసరించినవి. 32 సంవత్సరములు సేవచేసి, 2015లో గోదావరి విరమించినది. అదే సంవత్సరము క్రొత్త ఫ్రిగేటులకు ఒప్పందము కుదిరినది. వానిలో మొదటిదగు 'నీలగిరి'—పాత పేరే—149 మీటర్ల ఓడ. 2025 జనవరిలో చేరినది. 'ఉదయగిరి', 'హిమగిరి' ఆ ఆగస్టులో విశాఖపట్నముననే దళమున ప్రవేశించినవి.