గోలీ లేని మష్క్



మనం తెలుగులో రోజూ వాడే 'తుపాకి' మాట తుర్కీ నుంచి నడిచి వచ్చింది. అక్కడ తుఫెక్, ఉర్దూలో తుపక్, ఇక్కడికొచ్చాక తుపాకి. పిస్టల్‌కు మన పెద్దలు వాడే తమంచా కూడా అంతే. ఇస్తాంబుల్‌లో ఇవ్వాళ్టికీ పిస్టల్‌ను 'తబాంజా' అంటారు. తెలుగు పేపర్లలో 'తపంచా' అని రాస్తారు, అదీ ఎప్పుడూ ఎవరినో అరెస్టు చేసిన ఖబర్‌లోనే. ఈ మాటల తారీఖ్ వెనక నేను పడటానికి కారణం మా భాంజీ. సారంగాపూర్‌లో ఉంటుంది, తొమ్మిదో తరగతి. "మామూ, నేను పిస్టల్ షూటింగ్ నేర్చుకుంటా" అంది. దానికి వాళ్ల నానీ, అంటే మా అమ్మీ, "తౌబా తౌబా, ఆడపిల్ల చేతిలో తమంచానా!" అని తస్బీహ్ పక్కన పెట్టి మరీ కోప్పడింది.

అమ్మీ కోపాన్ని నేను తేలిగ్గా తీసుకోను. జగిత్యాల ఇలాఖాలో తుపాకి తారీఖ్ నెత్తురుతో తడిసింది. పద్దెనిమిదో సదీలో కట్టిన జగిత్యాల ఖిల్లా బురుజుల మీద ఫిరంగులు ఇప్పటికీ ఉన్నాయి. వాటిని చూసి ఎవరూ భయపడరు, పిల్లలు ఎక్కి ఫోటోలు దిగుతారు. ఖౌఫ్ అంతా 1978 తర్వాతది. ఆ ఏడాది సెప్టెంబర్‌లో జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. అక్టోబర్‌లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను సర్కారు కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు రాత్రి తలుపు తట్టింది అన్నలా, పోలీసులా అని గుండె చేత్తో పట్టుకుని విన్న తరం మా అమ్మీది. పైగా మన పేర్లు. మన ఖాందాన్ పిల్లలు నల్ల పెట్టెలో పిస్టల్ పెట్టుకుని బస్సెక్కితే, కండక్టర్ మొదలు పక్క సీటు ఆసామి దాకా ఏమనుకుంటారో అమ్మీకి తెలుసు. నాకూ తెలుసు.

కానీ నిషానాకు తుపాకి కంటే చాలా పాత తారీఖ్ ఉంది. సహీ ముస్లింలో హజ్రత్ ఉఖ్బా బిన్ ఆమిర్ రజియల్లాహు అన్హు ప్రస్తావన వస్తుంది. ముసలితనంలో కూడా ఆయన రెండు గురుల మధ్య అటూ ఇటూ తిరుగుతూ బాణాలు వేసేవారు. ఈ వయసులో ఇంత కష్టం ఎందుకని ఒకరు అడిగారు. నేర్చుకున్న నిషానాను వదిలేయడం గురించి రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లం చేసిన హెచ్చరికే తనను ఇలా నిలబెట్టిందని ఆయన జవాబు. ఎదురెదురుగా రెండు గురులు. ఒకదానికి కొట్టి, నడిచి వెళ్లి బాణాలు ఏరుకుని, అక్కడి నుంచి రెండోదానికి కొట్టడం. అందులో జంగ్ లేదు, దుష్మన్ లేడు. ఉన్నది మష్క్. ఖత్తాత్ ఒకే అలిఫ్‌ను వందసార్లు రాసే మష్క్ లాంటిదే.

ఉస్మానీ తుర్కుల దగ్గర ఇది ఇంకా బారీక్ అయింది. సుల్తాన్ మెహ్మద్ ఫాతిహ్ 1453లో ఇస్తాంబుల్ గెలిచాక విలుకాళ్లకు 'ఓక్ మైదాన్' అనే జాగా ఇచ్చాడు. అక్కడ కొత్త షాగిర్ద్ చేతికి వెంటనే బాణం ఇచ్చేవారు కాదు. 'కెపాజె' అనే మెత్తటి విల్లు ఇచ్చేవారు. బాణం లేకుండా దాన్ని లాగడం, పట్టి ఉంచడం, నెమ్మదిగా వదలడం. భుజం, వేళ్లు, శ్వాస ఒక్కటయ్యేదాకా అంతే.

మన ముల్కులో దాని చుట్టం పేరు లెజిం. నవ్వకండి! పంద్రా ఆగస్టుకు బడి మైదానంలో పీటీ సార్ ఈలకు ఝల్లు ఝల్లుమని ఊపిన లెజిమే. ఫార్సీలో లేజమ్ అంటే మష్క్ కోసం వాడే విల్లు. నారి బదులు ఇనుప గొలుసు కట్టి తాలీంఖానాల్లో పహిల్వాన్లు లాగేవారు. విలువిద్య పోయింది, కసరత్తు మిగిలింది, అది బడుల్లోకి వచ్చి ఆట అయింది. అలాగే 'శిస్త్' అనే మాట. మన భూమి శిస్తు కాదు, గురి చూడటం. ఫార్సీలో 'శస్త్' అంటే బొటనవేలు, విలుకాడు నారి లాగడానికి ఆ వేలికి తొడుక్కునే ఉంగరం కూడా. ఇవ్వాళ ఎన్‌సీసీ క్యాంపులో రైఫిల్ పట్టిన పిల్లకు హవల్దార్ "శిస్త్ లో" అంటాడు. విల్లు పోయి రైఫిల్ వచ్చినా ఆ మాట పోలేదు.

బారూద్ వచ్చాక మైదానానికి చాంద్‌మారీ అని పేరొచ్చింది, గుండ్రటి గురి చంద్రుడిలా ఉంటుంది కాబట్టి. హైదరాబాద్‌లో ముసియో రేమండ్ (మన మూసా రహీమ్) 1795లో తోప్ కా సాంచా కట్టించాడు. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా నిషానాబాజీ గురించి కథలకు లెక్కలేదు. ఆ జమానా షికార్లను లాలా దీన్ దయాళ్ ఫోటోల్లో చూడొచ్చు. 1902లో వరంగల్ వైపు నెక్కొండలో లార్డ్ కర్జన్ చచ్చిన పులి పక్కన నిలబడ్డ ఫోటో మశ్‌హూర్. నాకు వాటి మీద మోజు లేదు. కోడిని కట్టేసి గురి చూస్తున్న కుర్రాళ్లను హజ్రత్ ఇబ్నె ఉమర్ కసిరిన హదీస్ చదివినవాడికి ఆ ఫోటోల ముందు ఫఖర్ కలగడం కష్టం. మనకు పనికొచ్చేది ఆ షికారీల జుబాన్. పిస్టల్ ముందు మొన 'మక్ఖీ', అంటే ఈగ. వెనకది 'దీద్‌బాన్', కాపలావాడు. ట్రిగ్గర్ 'లబ్‌లబీ'.

ఈ మూడు మాటలు వస్తే నేటి రేంజ్‌లో సబఖ్ సగం అర్థమవుతుంది. 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో గోలీ 4.5 మిల్లీమీటర్లు, పది పాయింట్ల చుక్క 11.5 మిల్లీమీటర్లు, అంటే కుంకుడు గింజంత. 75 నిమిషాల్లో 60 గోలీలు, ఒంటి చేత్తో. దీద్‌బాన్ మధ్యలో మక్ఖీ ఒక్క మిల్లీమీటర్ పక్కకు జరిగితే గురి దగ్గర సుమారు 3 సెంటీమీటర్ల తేడా, పది కాస్తా ఏడవుతుంది. అదే మక్ఖీ, దీద్‌బాన్ సరిగ్గా కలిసి ఉండి, చెయ్యి మొత్తం కొంచెం ఊగితే నష్టం తక్కువ. అందుకే ఉస్తాద్‌లు నజర్ గురి మీద కాదు, మక్ఖీ మీద ఉంచమంటారు. గురి మసకగా కనబడటమే సహీ.

దీని మష్క్ గోలీ లేకుండానే మొదలవుతుంది. పిస్టల్ ఖాళీ అని రెండుసార్లు చూసుకుని, ఛర్రాల డబ్బా ఆ గదిలోనే లేకుండా చేసి, సాదా తెల్లగోడకు ఎదురుగా నిలబడాలి. గోడ మీద చుక్క ఉండదు కాబట్టి కన్ను మక్ఖీని వదిలి ఎక్కడికీ పోలేదు. లబ్‌లబీని మెల్లగా, ఎప్పుడు తెగిందో తనకే తెలియనంత నెమ్మదిగా నొక్కాలి. 'టక్' అన్నాక కూడా చెయ్యి దించకుండా ఆ లమ్హాలో మక్ఖీ కదిలిందా అని చూసుకోవాలి. దీన్నే డ్రై ప్రాక్టీస్ అంటారు. ఇంకోటి హోల్డింగ్: నొక్కకుండా ఊరికే పట్టి నిలబడటం. గోలీ వేసే రోజు కూడా, స్క్రీన్ చూడకముందే అది ఎక్కడ పడిందో నోటితో చెప్పాలి. చెప్పింది, పడింది ఒకటైన రోజు షాగిర్ద్ ఒక మెట్టు ఎక్కినట్టు. ఇది కెపాజె కాకపోతే మరేమిటి?

25 మీటర్ల పిస్టల్‌లో రెండో హిస్సా ఇంకా ముష్కిల్. చెయ్యి కిందికి దించి ఆగాలి. పచ్చ దీపం వెలిగిన 3 సెకండ్లలో ఎత్తి, శిస్త్ కట్టి, ఒక్క గోలీ. మళ్లీ 7 సెకండ్లు ఆగడం. ఇందులోనే మన హైదరాబాద్ అమ్మాయి ఈశా సింగ్ హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో టీంకు సోనా, తనకు చాందీ తెచ్చింది. ఎయిర్ పిస్టల్‌లో మరో రెండు చాందీలు. 2018లో 13 ఏళ్ల వయసులో మను భాకర్‌ను దాటి నేషనల్ ఛాంపియన్ అయిన పిల్ల. పారిస్‌లో 2024లో చాందీ గెలిచిన తుర్కీ నిషానాబాజ్ యూసుఫ్ దికెచ్ ఫోటో మీ అందరి ఫోన్లలోకీ వచ్చే ఉంటుంది. జేబులో చెయ్యి స్టైల్ అనుకున్నారు జనం. ఒంటి చేత్తో కాల్చేటప్పుడు రెండో చెయ్యి ఊగితే ఒళ్లంతా ఊగుతుంది, అందుకని దాన్ని కట్టిపడేస్తారు. అప్పటికి ఆయనకు 51 ఏళ్లు. అమ్మీకి ఆ ఫోటో చూపించి హజ్రత్ ఉఖ్బా సంగతి చెప్పాను. "ముసలాయన సంగతి సరే, మన పిల్ల బస్సు సంగతి చెప్పు" అంది.

ఆ సవాల్‌కు నా దగ్గర పూర్తి జవాబు లేదు. గచ్చిబౌలి రేంజ్ మాకు సుమారు 200 కిలోమీటర్లు. పోటీల ఎయిర్ పిస్టల్ ధర మామూలు ఇంటికి భారం. .22 పిస్టల్ అయితే లైసెన్స్ కావాలి, మన కాగితాలు ఏ బల్ల మీద ఎన్నాళ్లు ఆగుతాయో చెప్పలేం. నేను చెప్పగలిగింది ఒక్కటే. మొదటి ఆరు నెలల మష్క్‌కు ఇవేవీ అక్కర్లేదు.

దమ్మాంలో ఉన్న మా బావ వాయిస్ మెసేజ్ పెట్టాడు, సెలవుల్లో పిల్లను ఓసారి రేంజ్ చూపించమని. ఈలోగా భాంజీ అస్ర్ తర్వాత లీటర్ నీళ్ల బాటిల్ చాచిన చేత్తో పట్టుకుని గోడకెదురుగా నిలబడుతోంది. మొదటి రోజు 20 సెకండ్లు, నిన్నటికి 50. లెక్క పెడుతున్నది అమ్మీ, తస్బీహ్ మీద.