ఏడాదికో మాను

కాన్‌బెరాలోని ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీలో ఒక అడవి ఉంది. నిలబెట్టిన 200 మాను బోదెలు. కొన్ని పొట్టివి, కొన్ని మూడు మీటర్లు దాటినవి. ఒళ్లంతా ఎర్రమన్ను, పసుపుమన్ను, తెల్లసుద్ద, నలుపు. దగ్గరికెళితే వెంట్రుకంత సన్నటి అడ్డగీతలు. పైనుంచి తొంగిచూడగలిగితే లోపల అంతా డొల్ల. తొలిచింది మనిషి కాదు, చెదలు. యూకలిప్టస్ జాతి చెట్లవి. మన ఖమ్మం, ప్రకాశం జిల్లాల జామాయిల్‌కి దాయాదులన్నమాట.

ఇవి శవపేటికలు. ఉత్తరాన ఆర్నెమ్ ల్యాండ్‌లో మనిషి పోయాక ఎముకలు ఏరి, ఎర్రమన్ను పూసి, ఆటపాటల మధ్య ఇలాంటి బోదెలో వేసి ఆరుబయట నిలబెట్టేవారు. ఈ 200 బోదెల్లో మాత్రం ఎముకలు లేవు. 1788 నుంచి 1988 దాకా ఏడాదికొకటి లెక్క.

లెక్క వేసినవాడు జాన్ ముండైన్. అదే ఆర్నెమ్ ల్యాండ్‌లోని రామింగినింగ్ అనే ఊళ్లో కళా సలహాదారు. చిత్రకారుల దగ్గర బొమ్మలు తీసుకుని నగరాలకు పంపించే పని. ఆయనా ఆదివాసే, కానీ అక్కడివాడు కాదు. పుట్టింది ఎంతో దూరాన న్యూ సౌత్ వేల్స్‌లో, బండ్జలంగ్ తెగలో. భాష వేరు, ఆచారం వేరు. ‘ఆదివాసీలు’ అని మనం ఒక్క మాటలో చుట్టేస్తాం గానీ, ఆ ఊళ్లో ముండైన్ కూడా బయటినుంచి వచ్చినవాడే.

1988లో ఆస్ట్రేలియా, తెల్లవాళ్లు వచ్చి స్థిరపడిన 200 ఏళ్ల పండగ చేసుకుంది. జనవరి 26న సిడ్నీ రేవు తెరచాప ఓడలతో నిండిపోయింది. అదే రోజు అదే నగరంలో వేలాది మంది ఆదివాసీలు, వాళ్లకు తోడుగా వచ్చినవాళ్లు నిరసనగా నడిచారు. 1788లో తెల్లవాళ్ల ఓడలు వచ్చాక తుపాకులకూ రోగాలకూ పోయినవాళ్లలో ఎందరికో కర్మకాండ జరగలేదు. ఇప్పుడు చేద్దామన్నది ముండైన్ ఆలోచన. రామింగినింగ్, చుట్టుపక్కల ఊళ్లకు చెందిన 43 మంది కళాకారులు బోదెలు కొట్టుకొచ్చి, బెరడు ఒలిచి, తమ తమ వంశచిహ్నాలు గీశారు. నేషనల్ గ్యాలరీ ఖర్చు పెట్టుకుంది. ఆ ఏడు సిడ్నీ బియెన్నాలేలో, అంటే రెండేళ్లకోసారి జరిగే కళాప్రదర్శనలో, ఒక పాత రేవు గిడ్డంగిలో, మొదటిసారి నిలబెట్టారు.

నాకు అసలు విశేషంగా తోచేది ఆ నిలబెట్టిన తీరు. మధ్యలో వంకర తిరుగుతూ ఒక దారి ఉంటుంది, అది వాళ్ల గ్లైడ్ నది. నది పొడవునా ఏ వంశానికి ఎక్కడ భూమి ఉందో, ఆ వంశం గీసిన బోదెలు అక్కడే. ఏ బొమ్మ పక్కన ఏది బాగుంటుందన్న ప్రశ్నే రాలేదు.

ఆ గీసినవాళ్లలో డేవిడ్ మలంగి ఒకరు. 1966లో ఆస్ట్రేలియా కొత్త డాలరు నోటు మీద ఆయన గీసిన బొమ్మే అచ్చయింది, ఆయనకు చెప్పకుండా. గీసినవాడు ఎవరో, ఎప్పుడో పోయి ఉంటాడనుకున్నారట! సంగతి బయటపడ్డాక రిజర్వు బ్యాంకు గవర్నరు కూంబ్స్ వెయ్యి డాలర్లు, ఒక పతకం, చేపలు పట్టే సరంజామా పెట్టె ఇచ్చారు. ఆ పెట్టె దగ్గర నాకు నవ్వూ వస్తుంది, ఒళ్లూ మండుతుంది. అదే మలంగి 22 ఏళ్ల తర్వాత పేరుతో సహా, తన వంశం చోట్లో, తన బోదెలు నిలబెట్టుకున్నారు.

ఆ తర్వాత ఆదివాసీ కళకు తలుపులు కాస్త వేగంగానే తెరుచుకున్నాయి. 1997 వెనిస్ బియెన్నాలేలో బ్రెండా క్రాఫ్ట్, హెటీ పెర్కిన్స్ అనే ఇద్దరు ఆదివాసీ క్యూరేటర్లు, విక్టోరియా లిన్‌తో కలిసి ఎమిలీ కామె న్గ్వారే, యవాన్ కూల్మాట్రీ, జూడీ వాట్సన్‌ల పనిని ఆస్ట్రేలియా తరఫున నిలబెట్టారు. 2007లో నేషనల్ గ్యాలరీ తొలి ఆదివాసీ కళా ట్రైయెనియల్ (మూడేళ్లకోసారి ప్రదర్శన) బాధ్యత క్రాఫ్ట్‌దే. ఆదివాసీలను జనగణనలో కలపాలని ఓటేసిన 1967 రెఫరెండానికి అప్పటికి 40 ఏళ్లు. 2020 సిడ్నీ బియెన్నాలేకి విరాడ్జురి తెగ మూలాలున్న బ్రూక్ ఆండ్రూ కళా దర్శకుడై, దానికి తన భాషలోనే ‘నిరిన్’ అని పేరు పెట్టారు. అంచు అని అర్థం.

ఈలోగా ఆ 200 బోదెలు రష్యాలోని హెర్మిటాజ్ మ్యూజియం దాకా వెళ్లొచ్చాయి. ఊళ్లో అయితే ఈపాటికి వానకు నాని, ఎండకు పగిలి మట్టిలో కలిసేవి. ఆచారం కోరేదీ అదే. కాన్‌బెరాలో మాత్రం, చెదలు తొలిచి ఇచ్చిన ఆ బోదెలను మళ్లీ చెదలు ముట్టకుండా కాపాడుతున్నారు.