పేరు లేని చిత్రకారుడు, దస్తావేజు ఉన్న బొమ్మ

ఈసారి మన మాట "అజ్ఞాత". జ్ఞాతం అంటే తెలిసినది. ముందు "అ" చేరితే తెలియనిది. పాండవుల అజ్ఞాతవాసం కథ మీరు వినే ఉంటారు. వాళ్లు ఒక్క ఏడాది పేరు దాచుకున్నారు. ఇంగ్లండులో బ్రిస్టల్ ఊరి గోడల మీద మొదలుపెట్టిన బ్యాంక్సీ అనే చిత్రకారుడు దశాబ్దాలపాటు దాచుకున్నాడు.

కారణం సులభం. అనుమతి లేకుండా ఇంకొకరి గోడ మీద బొమ్మ వేస్తే నేరం. అందుకే రాత్రిపూట స్టెన్సిల్ అట్ట పెట్టి, రంగు స్ప్రే కొట్టి, వెళ్లిపోవాలి. వీధిలో పేరు లేకపోతేనే క్షేమం. కానీ బజారులో అదే చిక్కు. "ఈ బొమ్మ నాది" అని ఎవరు చెప్పాలి? ఆ పని కోసం 2008లో పెస్ట్ కంట్రోల్ అనే ఆఫీసు వచ్చింది. ఏది అసలు, ఏది నకిలీ అని అది చెబుతుంది.

చట్టం మాత్రం అంత సులభంగా ఒప్పుకోలేదు. రాయికి బదులు పూలగుత్తి విసిరే కుర్రాడి బొమ్మ మీకు గుర్తుందా? దాని ట్రేడ్‌మార్కును 2020 సెప్టెంబరులో యూరోపియన్ యూనియన్ ఆఫీసు రద్దు చేసింది. వాడే ఉద్దేశం లేకుండానే ట్రేడ్‌మార్కు తీసుకున్నారన్నది అసలు కారణం. అయితే, పేరు దాచిన మనిషిని ఆ బొమ్మల యజమానిగా గుర్తించలేమని కూడా తీర్పులో రాశారు.

కొన్ని నెలలకే ఎన్ఎఫ్‌టీల సందడి మొదలైంది. ఎన్ఎఫ్‌టీ అంటే కంప్యూటర్ బొమ్మకు ఒక దస్తావేజు అనుకోండి. (దస్తావేజు పారసీ నుంచి వచ్చిన మాట. ఇల్లు కొన్నప్పుడు ఇచ్చే కాగితం.) అది అందరూ చూడగల, ఎవరూ చెరపలేని ఒక పెద్ద లెక్కల పుస్తకంలో ఉంటుంది. ఇక పేరుతో పని లేదు, పుస్తకమే సాక్షి అని చాలామంది సంబరపడ్డారు.

మరి ఏం జరిగింది? 2021 మార్చిలో కొందరు బ్యాంక్సీ ప్రింటు ఒకటి కొని, కెమెరా ముందు తగలబెట్టి, దాని ఎన్ఎఫ్‌టీని సుమారు 3,80,000 డాలర్లకు అమ్మారు. ఆ ప్రింటులో ఉన్నది వేలంపాటలో కొనేవాళ్లను వెక్కిరించే బొమ్మ! దస్తావేజు చేసినవాళ్లు వేరు, బొమ్మ వేసినవాడు వేరు.

ఆగస్టు చివర ఇంకా వింత. బ్యాంక్సీ సొంత వెబ్‌సైటులోనే ఒక ఎన్ఎఫ్‌టీ లింకు కనిపించింది. ఒకాయన 2,44,000 పౌండ్లు పెట్టి కొన్నాడు. ఆయన కూడా మారుపేరుతోనే ఉండే మనిషి. బ్యాంక్సీ ఎన్ఎఫ్‌టీలు ఏవీ చేయలేదని ఆయన తరఫువాళ్లు చెప్పారు. మోసం అని తేలింది. అమ్మినవాడు పేరు చెప్పకుండానే, సుమారు 5,000 పౌండ్ల ఫీజు తప్ప, డబ్బంతా వెనక్కి పంపాడు. కొన్నవాడికి, అమ్మినవాడికి, చిత్రకారుడికి, ముగ్గురికీ పేరు లేదు!

మా గుడిలో రసీదు పుస్తకం నేనే రాస్తాను. అందుకే నాకు ఇది వింతగా అనిపించలేదు. రసీదు మీద డబ్బు ఇచ్చినవారి పేరు ఉంటుంది. విగ్రహం చెక్కిన శిల్పి పేరుకు అందులో గడి లేదు. ఎన్ఎఫ్‌టీ పుస్తకం కూడా అంతే. ఏ ఖాతా నుంచి ఏ ఖాతాకు పోయిందో తప్పు లేకుండా రాస్తుంది. బొమ్మ ఎవరిదో మాత్రం, ఎక్కించినవాడు చెప్పిందే అందులో ఉంటుంది. చివరికి ఆ ఆగస్టులో కూడా "ఇది నాది కాదు" అని చెప్పడానికి మనుషులే రావలసి వచ్చింది.