మట్టి పొయ్యి – పొగ గొట్టం : ఒక చిన్న చరిత్ర

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గర నాలుగు నెలలో ఆరు నెలలో గడిపి వచ్చిన మన సభ్యులలో కొందరైనా ఈ వస్తువును చూసే ఉంటారు. ఇంటి వెనుక పెరట్లో, గచ్చు మీద, ఇనుప ముక్కాలిపైన కూర్చోబెట్టిన ఒక మట్టి పొయ్యి. కింద బానలాంటి గుండ్రని పొట్ట, దానికి ముందువైపు నోరు, పైన మెడలా సాగిన గొట్టం. సాయంత్రం చలిలో అందులో నాలుగు కట్టెలు వేసి మంట పెట్టి, ఎదురుగా కుర్చీలు వేసుకొని కూర్చుంటారు. దాని పేరు చిమినియా. పుట్టిల్లు మెక్సికో దేశం.

2016లో టెక్సాస్ రాష్ట్రంలో మా అమ్మాయి ఇంట్లో ఉన్నప్పుడు పక్కింటివారి పెరట్లో దీన్ని నేను మొదటిసారి చూశాను. ఉద్యోగరీత్యా పొయ్యిలతో నాకు కొంత సంబంధం ఉంది. గ్రామాభివృద్ధి అధికారిగా పనిచేసిన రోజులలో పొగలేని పొయ్యిల పథకం కొన్ని గ్రామాలలో నా చేతిమీదుగా నడిచింది. అందుచేత అందరికీ పెరటి అలంకారంగా కనిపించే ఆ వస్తువు గురించి కొంత చదివాను. చదివినదీ, సర్వీసులో చూసినదీ కలిపి ఈ ప్రత్యేక సంచిక ద్వారా మీతో పంచుకుంటున్నాను.

మూడు రాళ్లు – ముసలి దేవుడు

మెక్సికోలో స్పెయిన్ వారు అడుగుపెట్టక ముందు ఇంటింటా ఉన్న పొయ్యి మనకు బాగా తెలిసినదే. మూడు రాళ్లు, వాటి మధ్య మంట. దానిమీద మన అట్లపెనం వంటి మట్టి పెనం పెట్టి మొక్కజొన్న రొట్టెలు కాల్చేవారు. ఆ పెనాన్ని కోమాల్ అంటారు. నేటికీ అక్కడి పల్లెటూళ్లలో ఆ పెనమూ ఉంది, ఆ రొట్టే ఉంది.

వారికి ఒక అగ్నిదేవుడు ఉండేవాడు. పేరు వేవేతెయోతల్. ఆ మాటకు అర్థమే ‘ముసలి దేవుడు’ అని. ముడతలు పడిన మొహం, ఊడిన పళ్లు, వంగిన నడుము, బాసింపట్టు వేసుకొని కూర్చున్న ఆకారం, నెత్తిమీద ఒక కుంపటి. కుయికుయిల్కో అనేచోట సుమారు రెండు వేల ఏళ్లనాటి మట్టి బొమ్మలు దొరికాయి. తెయోతివాకాన్ మహానగరంలో రాతితో చెక్కినవి దొరికాయి. వయసు మీరినవాడి నెత్తిన నిప్పు పెట్టి, ఇంటి వెచ్చదనం వాడిదే అని ఆ ప్రజలు నమ్మారు. మన సంఘ సభ్యులు గర్వపడదగిన దేవుడే!

మనకు ప్రభవ మొదలు అక్షయ వరకు అరవై సంవత్సరాల చక్రం ఉన్నట్లే, అజ్‌టెక్ ప్రజలకు 52 సంవత్సరాల చక్రం ఉండేది. ఆ చక్రం ముగిసేటప్పుడు ఊరంతా నిప్పు ఆర్పేసేవారు. ఇంట్లోని పాత కుండలనూ, పొయ్యి రాళ్లనూ పారవేసేవారు. ఆ రాత్రి ఒక కొండమీద పూజారులు నిలబడి ఆకాశంలో కృత్తికా నక్షత్రాల గమనం చూసేవారు. అర్ధరాత్రి కృత్తికలు నడినెత్తి దాటితే లోకం మరో 52 ఏళ్లు నిలిచినట్లే. అప్పుడు మన అరణి వంటి కర్రలతో కొత్త నిప్పు మథించి, కాగడాలతో గుడులకూ, అక్కడినుంచి ఇళ్లకూ పంచేవారు. మనకు కృత్తికా నక్షత్రానికి అధిదేవత అగ్ని. భోగినాడు పాత సామాను మంటలో వేయడం కూడా మనకు ఉన్నదే. అయితే పోలిక అక్కడితో ఆపాలి. వారు ఆ కొత్త నిప్పును బలికి తెచ్చిన బందీ గుండెమీద మథించేవారు. అటువంటి పండుగ చివరిసారి జరిగినది 1507లో. 1521లో అజ్‌టెక్ రాజధాని స్పెయిన్ వారి వశమైంది. ఆపైన 52 ఏళ్ల లెక్క వచ్చేనాటికి పండుగ చేసే రాజ్యమే లేదు.

పేరు వచ్చిన దారి

స్పెయిన్ వారితో గోధుమలు వచ్చాయి, గోధుమ రొట్టె కాల్చే గుమ్మటం పొయ్యి వచ్చింది, పొగ గొట్టం వచ్చింది. గొట్టాన్నీ, చలి కాచుకునే పొయ్యినీ కూడా స్పానిష్ భాషలో ‘చిమెనేయా’ అంటారు. దీని మూలం కొలిమి, ఆవం అనే అర్థంగల పాత గ్రీకు మాట. అది లాటిన్‌లోకి, అక్కడినుంచి స్పానిష్, ఫ్రెంచి భాషలలోకి వెళ్లింది. మన రైసు మిల్లులకూ, లాంతర్లకూ మనం వాడే ‘చిమ్నీ’ ఆ ఇంటి పిల్లే.

గొట్టం యూరపులో కూడా మరీ పాతది కాదు. 12వ శతాబ్దంలో రాతికోటలలో మొదలైంది. సామాన్యుల ఇళ్లకు చేరడానికి అనేక తరాలు పట్టింది. అంతవరకు అక్కడా నడి ఇంట్లో మంట, కప్పులో కంత. గొప్పవాడి ఇంటికి గొట్టం ముందు రావడం, పేదవాడి ఇంటికి చివర రావడం ఏ దేశంలోనైనా ఒకటే.

మెక్సికో కుమ్మరులకు మట్టిపని వేల ఏళ్లుగా తెలుసు. రొట్టె కాల్చే పొయ్యి పొట్టనూ, గొట్టాన్నీ ఒకే ముద్దగా, ఒకచోటి నుంచి మరొకచోటికి జరుపుకోగలిగిన పాత్రగా చేస్తే అదే చిమినియా. దానిలో రొట్టె కాల్చుకున్నారు, దాని ముందు చలి కాచుకున్నారు. గ్వాదలహార నగరం పక్కనున్న తొనలా, త్లాకేపాకే ఊళ్లు మట్టిపనికి ప్రసిద్ధి. 1990ల నాటికి లారీలకొద్దీ చిమినియాలు సరిహద్దు దాటి అమెరికా ఇళ్ల పెరళ్లకు చేరాయి. తరువాత పోత ఇనుముతోనూ, అల్యూమినియంతోనూ అదే ఆకారం పోసి అమ్మసాగారు.

పనితీరు – జాగ్రత్తలు

మంట పొట్టలో ఉంటుంది. వేడెక్కిన గాలి తేలికై మెడగుండా పైకి పోతుంది. ఆ ఖాళీని నింపడానికి నోటిలోనుంచి చల్లగాలి లోపలికి వస్తుంది. అందువల్ల కట్టె బాగా మండుతుంది, పొగ కూర్చున్నవారి తలలమీదుగా పోతుంది, వేడి మాత్రం నోటి ఎదుట ఉన్నవారికి తగులుతుంది. ఊదవలసిన పని లేదు.

మీ పిల్లల ఇళ్లలో ఉంటే ఈ సంగతులు గుర్తుంచుకోండి. పొట్ట అడుగున ఇసుక పోసి దానిమీద మంట పెట్టాలి. కొత్తదానికి మొదటి నాలుగైదుసార్లు చిన్న మంటే పెట్టాలి. మన కొత్త కుండను పదును చేసినట్లే. మండుతున్నప్పుడు నీళ్లు పోస్తే ఢామ్మని పగులుతుంది. కిరోసిన్, పెట్రోలు పోయరాదు. వానలో నానితే, ఆ తడి చలికి గడ్డకడితే బీటలు వేస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, దాన్ని ఇంటి లోపలగానీ, మూసి ఉన్న వరండాలోగానీ వెలిగించకూడదు. గొట్టం ఉన్నా దానినుంచి వచ్చే విషవాయువు ప్రాణం తీయగలదు. మన కుంపటిని తలుపులు మూసిన గదిలో పెట్టుకొని పడుకోరాదని పెద్దలు చెప్పింది ఇందుకే.

మన పొయ్యిలు

మన ఇళ్లలో ఎన్ని రకాల మట్టి పొయ్యిలు ఉండేవో మన మనవళ్లకు తెలియదు. వంటింట్లో పేడతో అలికి ముగ్గు పెట్టిన కట్టెల పొయ్యి. దొడ్లో వేణ్ణీళ్ల పొయ్యి. పిడకలు కూర్చి పాలకుండ పెట్టే దాలి. సన్న సెగమీద మధ్యాహ్నందాకా కాగిన ఆ ఎర్రని పాలు, అరచేతి మందం మీగడ ఎరిగినవారు మన సంఘంలో చాలామందే ఉన్నారు. బొగ్గుల కుంపటి. ఊక దట్టించే ఊక పొయ్యి. పెళ్లిళ్లకు పెరట్లో తవ్వే గాడిపొయ్యి.

వీటిలో చాలావరకు ఆరుబయట ఉండేవి. పొగ ఆకాశంలో కలిసిపోయేది. కానీ మూడు పూటలా వెలిగే అసలు పొయ్యి మాత్రం ఇంటి లోపల, చిన్న కిటికీ అయినా లేని గదిలో ఉండేది. ఆ గదిలో ఉన్న గొట్టం ఒక్కటే, ఊదుగొట్టం. అది పొగను బయటికి పంపేది కాదు. మన అమ్మల ఊపిరిని మంటలోకి పంపేది. మా అమ్మ యాభై ఏళ్లకే చూపు మందగించి, వాన పడితే చాలు ఆయాసపడేది. ఆమె జీవితంలో చుట్ట కాల్చలేదు, బీడీ కాల్చలేదు.

పొగలేని పొయ్యి

ఈ బాధను గుర్తించినవారు మన దేశంలో లేకపోలేదు. 1947లో వార్ధాలోని మగన్‌వాడిలో మగన్ చుల్లా తయారైంది. మన హైదరాబాదులోని ఇంజనీరింగ్ పరిశోధనశాలలో డాక్టర్ ఎస్.పి.రాజు గారు గొట్టం గల మట్టి పొయ్యిని రూపొందించి, 1953లో దానిపై ఇంగ్లీషులో ఒక పుస్తకం ప్రచురించారు. కోట్లాది వంటిళ్లలో పొగ లేకుండా చేయాలన్నది ఆ పుస్తకం ఉద్దేశం. ఒకే మంటతో వరుసగా గిన్నెలు కాగేటట్లు, మిగిలిన పొగ గొట్టంగుండా కప్పు దాటిపోయేటట్లు ఆయన ఏర్పాటు చేశారు. పొయ్యిల చరిత్ర వ్రాసే విదేశీయులు నేటికీ ఈ హైదరాబాదు పొయ్యిని పేర్కొంటారు. మనలో ఎందరికి తెలుసు?

ముప్ఫై ఏళ్ల తరువాత, 1983లో, మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమం మొదలైంది. 2002లో ముగిసేలోగా దేశంలో మూడు కోట్లకు పైగా పొయ్యిలు వేశారు. నేను పనిచేసిన గ్రామాలలో గ్రామసేవికలు, శిక్షణ పొందిన మేస్త్రీలు ఇంటింటికీ వెళ్లి మట్టి పిసికి పొయ్యిలు వేశారు. మొదటి నెల ఆడవాళ్ల సంతోషం చెప్పనలవి కాదు. ఏడాది తిరిగి చూస్తే చాలా ఇళ్లలో గొట్టం పగిలి ఉండేది, లేదా మసి పట్టి మూసుకుపోయి ఉండేది. మసి తీయడానికి మేస్త్రీ మళ్లీ రాడు. పగిలిన ముక్క ఊళ్లో దొరకదు. కొందరు పెద్ద కుండ పట్టడానికి పొయ్యి నోటిని పగలగొట్టుకునేవారు. ఒక తాటాకింటి ముసలమ్మ నాతో అన్న మాట నేటికీ మరువలేను.

“బాబూ, పొగ పోతే కళ్లకు సుఖమే. కానీ పొగ తగలకపోతే తాటాకుకు పురుగు పడుద్ది. ఇల్లు మళ్లీ కప్పించాలంటే డబ్బెవరిస్తారు?”

ఆమె ప్రశ్నకు మా ఫైళ్లలో జవాబు లేదు. పొయ్యి ఒక్కదాన్నే మారిస్తే చాలదు, కప్పు మారాలి, కిటికీ రావాలి, మసి తీసే మనిషి ఉండాలి. ఈ సంగతి నాకు నేర్పింది ఆమే.

గొట్టం ఎక్కడ ఉండాలి?

ఇప్పుడు చిమినియా వద్దకు వద్దాం. 1976 ఫిబ్రవరిలో మెక్సికో పొరుగుదేశమైన గ్వాటెమాలాలో పెద్ద భూకంపం వచ్చింది. ఆ తరువాత అక్కడ పల్లెలకోసం మట్టి, ఇసుక కలిపి గొట్టంతో ‘లొరేనా’ పొయ్యిని తయారుచేశారు. తరువాతి కాలంలో అదే దేశంలో 534 కుటుంబాలతో ఒక పరీక్ష జరిగింది. కొందరికి గొట్టం పొయ్యి ఇచ్చి, మిగిలినవారిని పాత పొయ్యితో ఉంచి పసిపిల్లల ఆరోగ్యం గమనించారు. 2011లో ఫలితాలు ప్రచురించారు. గొట్టం ఉన్న ఇళ్లలో తీవ్రమైన న్యుమోనియా సుమారు మూడో వంతు తగ్గింది.

విచిత్రం చూడండి. ఆరుబయట, పొగ దానంతటదే పోయేచోట, సరదాకు వెలిగించే పొయ్యికి చక్కని గొట్టం ఉంది. అదే మెక్సికో పల్లెల్లో, మన దేశపు పల్లెల్లో, నాలుగు గోడల మధ్య రోజూ వెలిగే పొయ్యికి గొట్టం లేదు. తెలివి లేక కాదు. తొనలా కుమ్మరికి తెలుసు, హైదరాబాదు ఇంజనీరుకు తెలుసు. కొనగలిగినవారి పెరటికి అది వెళ్లింది, కావలసినవారి వంటింటికి వెళ్లలేదు.

మన రాష్ట్రాలలో పరిస్థితి చాలా మారింది. 1999లో దీపం పథకం, 2016లో ఉజ్జ్వల పథకం గ్యాసును పేద ఇళ్లకు తెచ్చాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి పొగలేని ఇంధనంతో వండే ఇళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 80 శాతం పైన, తెలంగాణలో 90 శాతం పైన ఉన్నాయి. కానీ దేశంలోని గ్రామాలను మొత్తంగా తీసుకుంటే అది 43 శాతమే. ఇంటి పొయ్యి పొగవల్ల 2020లో ప్రపంచమంతటా సుమారు 32 లక్షలమంది మరణించారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

మన సభ్యులలో చాలామందికి సొంత ఊళ్లతో రాకపోకలు ఉన్నాయి. ఈసారి ఊరు వెళ్లినప్పుడు చుట్టుపక్కల ఏ ఇంట్లోనైనా సిలిండరు మూల పెట్టి కట్టెలమీద వండుతున్నారేమో కనుక్కోండి. సిలిండరు నింపించుకోలేని స్థితి అయితే చేయగలిగిన సాయం చేయండి. కట్టెల పొయ్యి తప్పదనుకుంటే కనీసం దాన్ని వసారాలోకి మార్పించండి, గోడకు ఒక కిటికీ పెట్టించండి, పసిపిల్లను చంకనెత్తుకొని పొయ్యి ముందు కూర్చోవద్దని చెప్పండి. ఇందుకు పథకాలు అక్కరలేదు, ఆఫీసు అనుమతులు అక్కరలేదు. పెద్దవాళ్లు చెబితే ఊళ్లో ఇంకా వింటారు.